ఓబ్రియోన్ పాత మధువు

1663వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన, లండను నగరములోని లొంబార్డు వీథియందలి రాయల్ ఓక్ అను పానశాలలో, ఆంగ్ల నౌకాదళ కార్యాలయమున ఉన్నతోద్యోగి యగు సామ్యూల్ పెపీస్ ఒక ఫ్రెంచి ద్రాక్షమధువును సేవించి, అంత మంచిదియు అంత విలక్షణమైనదియు నగు రుచిని తానింతకుముందెన్నడు నెరుగనని ఆనాటి దినచర్యలో వ్రాసికొనెను. పేరును తన చెవికి వినబడినట్లు 'హో బ్రయాన్' అని వ్రాసినను, అది బోర్డో నగరపు పొలిమేరలోని ఓబ్రియోన్ తోట మధువే. ఊరి పేరో, రేవు పేరో చెప్పి మధువును కొనుచుండిన ఆ కాలమున, ఒక తోటను పేరుపెట్టి మెచ్చుకొనుట విశేషమే. మధుశాస్త్రచరిత్ర వ్రాసిన వారెల్లరు ఈ దినచర్యను తప్పక స్మరింతురు గాని, పెపీస్ త్రాగినది లేత మధువనియు, నేడు ఓబ్రియోన్ అనగానే రసికులు తలంచు పాత మధువు అప్పటికి లోకమున పుట్టనే లేదనియు తలపోయువారు తక్కువ.

ఆ కాలమున మధువు పీపాలలో ఓడ యెక్కి, పీపాలలోనే అమ్ముడుపోయెడిది. సీసా యనునది నేలమాళిగనుండి భోజనపు బల్లకు తెచ్చికొనుటకు పనికివచ్చు పాత్ర మాత్రమే. పీపా తెరచి కొంత వాడినంతనే మిగిలినదానికి గాలి సోకి, అది నానాటికి పులిసిపోవును. కనుక క్రొత్త పంట రేవున దిగగానే నిరుటి పంట ధర పడిపోవుట సామాన్యము. పీపాలలో గంధకపు వత్తులు వెలిగించి మధువు చెడకుండ కాపాడు ఉపాయమును డచ్చి వర్తకులు వ్యాప్తిచేసిరి. ఇంగ్లండున కట్టెలకు మారుగా రాక్షసిబొగ్గుతో మండిన కొలుములు దళసరియైన గట్టి గాజును సమకూర్చెను. ఇక బిరడా ఎండి కుంచించుకొనిపోకుండ మధువు దానిని ఎల్లప్పుడు తడుపుచుండవలెను. అనగా సీసా పరుండవలెను. పొట్టిగా, పొట్ట ఉబ్బిన ఆనాటి సీసాలు పరుండునవి కావు. 18వ శతాబ్దమున అవి క్రమముగా సన్నబడి స్తంభాకారమును దాల్చిన పిమ్మట గాని, ఒకదానిపై నొకటిగా పేర్చి ఏండ్ల తరబడి చీకటిలో విడిచిపెట్టుట సాధ్యపడలేదు. అప్పటికిని ఓపిక అలవడలేదు. 1787లో ఫ్రాన్సున అమెరికా రాయబారిగా నుండి బోర్డో సీమను సందర్శించిన థామస్ జెఫర్సన్, మార్గో, లాతూర్, ఓబ్రియోన్, లఫీత్ అను నాలుగు తోటలను అగ్రశ్రేణిలో నిలిపి, మొదటి మూడు తోటల మధువు నాలుగేండ్లకు గాని పక్వము కాదనియు, లఫీత్ మాత్రము కొంత తేలిక గనుక మూడేండ్లకే బాగుండుననియు వ్రాసెను. నేటి రసికుడు నాలుగేండ్ల ఓబ్రియోన్ సీసాను తెరచుట శిశుహత్యగా భావించును!

తోట కథ అంతకు పాతది. జాన్ ద పొంతాక్ 1549లో ఇచ్చట భవనమును కట్టించెను. ఆయన వంశీయుడు, బోర్డో న్యాయసభాధ్యక్షుడు నగు ఆర్నో ద పొంతాక్ కాలముననే ఈ మధువు ఇంగ్లండున రాజుగారి భాండాగారమునకు చేరెను. 1666 నాటి లండను అగ్నిప్రమాదానంతరము ఆయన కుమారుడు ఆ నగరములో 'పొంతాక్స్ హెడ్' అను భోజనశాలనే తెరచెను. 1677లో తత్త్వవేత్త జాన్ లాక్ ఈ తోటను చూడవచ్చి, తెల్లని ఇసుకయు గులకరాళ్లును తప్ప మరేమియు లేని ఈ నేలలో ఏమి పండునని విస్తుపోయెను. గారోన్ నది తెచ్చి పోసిన ఆ గులకరాళ్లే ఈ తోట సిరి: వాన నీరు నిలువదు, వేరు లోతునకు దిగును, పగటి యెండను రాయి రాత్రికి దాచియుంచును. తరువాతి కాలమున ఫ్రెంచి రాజనీతిజ్ఞుడు టాలేరాన్ మూడేండ్లు దీనికి యజమానిగా నుండి అమ్ముకొనెను. 1855 నాటి పారిస్ ప్రదర్శనకై బోర్డో దళారులు ధరలనుబట్టి తోటలకు తరగతులు కట్టినపుడు, ఎఱ్ఱ మధువులలో మెదోక్ సీమ వెలుపలి తోట ఇదియొక్కటే ఆ పట్టికలో చేరి, అందును మొదటి తరగతిని పొందెను. 1935లో అమెరికా ధనికుడు క్లారెన్స్ డిల్లన్ కొనెను. నేటికిని ఆ కుటుంబముదే. చుట్టును నగరము పెరిగి, ఇప్పుడీ తోట ఇండ్ల నడుమ చిక్కుకొనియున్నది. ఊరి వేడి వలన ద్రాక్ష కొంత ముందుగానే పండునందురు.

ఈ తోట 1961 పంట విఖ్యాతమైనది. వసంతమున చలి పూతను దెబ్బతీయగా కాపు తగ్గెను. ఆగస్టున వాన లేదు, సెప్టెంబరున నిండుటెండ. కాచిన కొలది పండ్లలోనే సారమంతయు కూడుకొనెను. అట్టి సీసాను తెరచుట ఒక క్రతువు. ఒకటి రెండు దినములు ముందుగా దానిని నిలువున నుంచి మడ్డిని అడుగునకు దిగనీయవలెను. అరువది యేండ్లు దాటిన బిరడా పైన నల్లబడి, క్రింద నాని, మామూలు మర గుచ్చినచో పొడి యగును. రెండు సన్నని రేకులను దాని ప్రక్కలకు జొనిపి మెల్లగా త్రిప్పుచు తీయుట అనుభవజ్ఞుల పద్ధతి. పిమ్మట సీసా మెడ క్రింద క్రొవ్వొత్తి నుంచుకొని, చేయి వణకకుండ, మధ్యలో ఆపకుండ, ఒకే ధారగా గాజుకూజాలోనికి వంపుదురు. మెడలోనికి నల్లని పోగు ప్రాకివచ్చినంతనే చేయి ఆగవలెను. ఆ మడ్డి మలినము కాదు: యౌవనమున నాలుకను పట్టి యీడ్చిన వగరును, చిక్కని రంగును, ఏండ్ల తరబడి పరస్పరము పెనవైచుకొని బరువెక్కి అడుగంటినవి. అందుచేతనే పాత్రలోని మధువు నడుమ మాత్రము దానిమ్మ వన్నె మిగిలి, అంచున ఇటుక రంగు తేలును.

మొదట వచ్చునది మూసిన గది వాసన. దానిని చూచి తొందరపడరాదు. కొన్ని నిమిషములకు అది తొలగి, దేవదారు పెట్టె, తోలు, తడి నేల, వెచ్చని రాయి, సన్నని పొగ క్రమముగా బయటపడును. అన్నింటికి మించి పొగాకు. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో బ్యారన్లలో ఆకు కాగుచుండగా ఆ దారిన నడచినవానికి ఈ వాసనను వేరుగా వర్ణింప నక్కరలేదు. నోటియందు పండు తీపి లేదు, దాని జ్ఞాపకమే యున్నది, వగరు మెత్తనైనది, పులుపు మాత్రము వెన్నెముకగా నిలిచియున్నది. మ్రింగిన పిదప పరిమళము చాలసేపు గొంతున నిలుచును. అయితే ఇట్టి వృద్ధమధువు గాలిని ఎక్కువసేపు తాళలేదు; గంట గడచునప్పటికి పలుచబడిపోవుట కలదు.

ప్రాతది గనుక గొప్పదనుట నాకు సమ్మతము కాదు. లోకమున తయారగు మధువులో అత్యధికభాగము ఏడాది రెండేండ్లలో త్రాగుటకే పుట్టినది. దానిని దాచినచో మిగులునది పులిసిన నీరే. దాచదగినదియు చలిచీకటులలో కదలక యున్నప్పుడే మాగును; ఒకే పంట సీసాలు రెండు వేరువేరు మాళిగలలో వేరువేరు గతులు పొందుట సర్వసాధారణము. కనుకనే కొనువారు సీసాలో మధువు మట్టమెంత దిగినదో మొదట చూతురు. మెడవరకు ఉన్నచో ఆశ కలదు. భుజము దిగినచో బిరడా గాలిని చొరనిచ్చినదని యర్థము.

ఈ పరీక్షలు లేక పేరునకే వెల కట్టుట యెంతటి వెఱ్ఱియో 1985 డిసెంబరు 5న లండనులో క్రిస్టీస్ వారి వేలము చాటినది. జెఫర్సన్ పేరి పొడియక్షరములు చెక్కిన 1787 నాటి లఫీత్ సీసా యని చెప్పబడిన దానిని ఫోర్బ్స్ కుటుంబము 1,05,000 పౌనులకు కొని, న్యూయార్కున ప్రదర్శనకు పెట్టెను. దీపముల వేడికి బిరడా ఎండి కుంచించుకొని సీసాలోనికే జారిపడెను. ఆ సీసాను అమ్మినవాని వద్దనుండియే బయలుదేరి వర్తకుల ద్వారా మరొక ధనికునికి చేరిన అట్టి సీసాలను తరువాత పరీక్షింపగా, వానిపై అక్షరములు 18వ శతాబ్దపు చక్రముతో గాక ఆధునిక విద్యుత్పరికరముతో చెక్కినవని నిపుణులు నిర్ణయించిరి. వ్యవహారము న్యాయస్థానముల కెక్కెను.