లిస్ప్ నుంచి స్కీమ్‌కు: రెండు భాషలు, ఒక చిక్కు

నిర్మల్ జిల్లా బాసరలో, జనం ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. 2008లో అది ఏర్పడినప్పుడు తొలి కులపతిగా నియమితుడైన రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొందాడు. ఆయన పరిశోధనను పర్యవేక్షించిన జాన్ మెకార్తీయే లిస్ప్ భాషకు సృష్టికర్త.

మెకార్తీ 1958లో ఎంఐటీలో ఆ భాషకు రూపకల్పన ఆరంభించి, 1960లో దాని సిద్ధాంతాన్ని ప్రచురించాడు. ఇచ్చిన విలువ నుంచి ఫలితాన్ని రాబట్టే నియమమైన ఫంక్షన్‌ను కూడా ఒక సంఖ్యలాగే మరో ఫంక్షన్‌కు అందించవచ్చునన్నది ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌కు మూలసూత్రం. అందుకు కావలసిన లాంబ్డా సంకేతాన్ని ఆయన తర్కశాస్త్రవేత్త అలొంజో చర్చి నుంచి తీసుకున్నాడు. అయితే సంకేతం వచ్చినంత తేలికగా దాని నియమం రాలేదు. ఫంక్షన్‌లో వాడిన పేరుకు విలువను దాన్ని రాసిన చోట వెతకాలా, పిలిచిన చోట వెతకాలా అన్న ప్రశ్నకు తొలి లిస్ప్ రెండో దారినే పట్టింది. దాంతో ఒకచోట రాసి మరోచోటికి పంపిన ఫంక్షన్, పుట్టింటి వాడుక మరచి మెట్టినింటి వాడుకే పాటించినట్టు, అక్కడి విలువలనే తీసుకుని తప్పు ఫలితాలు ఇచ్చేది.

1975లో ఎంఐటీలోనే గై స్టీల్, జెరాల్డ్ సస్‌మన్ స్కీమ్‌ను రూపొందించి, రాసిన చోటి విలువలే చెల్లుతాయన్న నియమాన్ని స్థిరపరచారు. లిస్ప్ కుటుంబ చరిత్రలో ఇంతకు మించిన దిద్దుబాటు లేదనడం అతిశయోక్తి కాదు. విడిపోయిన లిస్ప్ రూపాలను ఒకటి చేయడానికి పుట్టిన కామన్ లిస్ప్‌ను వర్ణిస్తూ 1984లో గ్రంథం రాసినదీ స్టీలే కావడం వల్ల కాబోలు, ఈ నియమం అందులోనూ చేరింది. పాత పద్ధతి మాత్రం ప్రత్యేకంగా ప్రకటించిన చలరాశులకు మిగిలింది.

తక్కిన విషయాల్లో రెండు భాషలూ కలవలేదు. స్కీమ్‌లో ఫంక్షన్ పేరు, చలరాశి పేరు ఒకే పట్టికలో ఉండగా, కామన్ లిస్ప్‌లో అవి వేరువేరు కనుక, చలరాశిలో ఉన్న ఫంక్షన్‌ను నడపడానికి ఫన్‌కాల్ అనే ప్రత్యేక ఆదేశం కావాలి. ఒక ఫంక్షన్ తన చివరి పనిగా మరో ఫంక్షన్‌ను పిలిస్తే, తిరిగి రావలసిన చోటును గుర్తుంచుకోకుండా మెమరీని ఆదా చేయాలన్నది స్కీమ్ ప్రమాణంలో విధిగా ఉంది; 1994 నాటి కామన్ లిస్ప్ ప్రమాణం దాన్ని కంపైలర్ రాసేవారి ఇష్టానికే వదిలేసింది.