కాగ్నిజబుల్ నేరాలు, అరెస్టు అధికారం

భారతీయ క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో నేరాలు రెండు రకాలు. మేజిస్ట్రేటు వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగలిగినవి కాగ్నిజబుల్ నేరాలు. హత్య, అత్యాచారం, దోపిడీ ఈ కోవలోవి. పరువు నష్టం వంటివి నాన్ కాగ్నిజబుల్. వీటిలో పోలీసులు ఫిర్యాదును స్టేషన్ రికార్డులో రాసుకుని, ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి. కోర్టు ఆదేశం లేనిదే దర్యాప్తు చేయకూడదు. ఒకే కేసులో రెండు రకాల నేరాలూ ఉంటే మొత్తాన్నీ కాగ్నిజబుల్ కేసుగానే చూస్తారు.

బెయిలబుల్, నాన్ బెయిలబుల్ అనే విభజన దీనికి వేరు. ప్రమాదకరంగా బండి నడపడం కాగ్నిజబుల్ నేరమే అయినా బెయిలబుల్. అందులో పట్టుబడినవారు జామీను ఇస్తే పోలీసులే విడిచిపెట్టాలి. జనం దీన్నే స్టేషన్ బెయిల్ అంటారు.

చరిత్ర

ఇంగ్లండులో అప్పట్లో నేరాలను ఫెలనీ, మిస్‌డిమీనర్ అని విడదీసేవారు. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఆ పద్ధతిని తీసుకోలేదు. మరుసటి ఏడాది వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, ఏ సెక్షను కింద వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చో చివర పట్టికలో చూపింది. 1872, 1882, 1898 కోడ్‌లు మారినా ఆ పట్టిక నిలిచింది. నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానానికి సొంత చట్టాలుండేవి. విలీనం తర్వాత 1951లో కేంద్ర కోడ్ అక్కడికీ విస్తరించింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో ఆ పట్టిక మొదటి షెడ్యూలు అయింది. ఇతర చట్టాల్లోని నేరాలకు వేరే నిబంధన లేకపోతే అదే షెడ్యూలు కొలమానం: మూడేళ్లు, అంతకుమించి జైలు పడేవి కాగ్నిజబుల్, అంతకన్నా తక్కువైతే కాదు.

రాష్ట్రాలు ఈ పట్టికను సవరించుకోవచ్చు. భార్య ఉండగా మరో పెళ్లి చేసుకోవడం దేశంలో మామూలుగా నాన్ కాగ్నిజబుల్. ఆంధ్రప్రదేశ్ 1992 సవరణతో దాన్ని కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్‌గా మార్చింది. దాంతో బాధితురాలు నేరుగా ఠాణా మెట్లెక్కే వీలు కలిగింది. ఆ సవరణ ప్రకారం పోలీసులు దర్యాప్తు చేయవచ్చని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అధికారానికి హద్దులు

అరెస్టు చేయగలగడం వేరు, చేయాల్సి రావడం వేరు. చాలాకాలం ఆచరణలో ఈ తేడా చెరిగిపోయింది. అరెస్టుల్లో దాదాపు 60 శాతం అనవసరమైనవో అన్యాయమైనవో అని జాతీయ పోలీసు కమిషన్ మూడో నివేదిక తేల్చింది. 1994లో జోగిందర్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ నివేదికను ప్రస్తావిస్తూ, అధికారం ఉన్నంత మాత్రాన అరెస్టు సమర్థనీయం కాదని చెప్పింది. 1996లో డి.కె. బసు తీర్పు 11 నియమాలు పెట్టింది. అరెస్టు చేసే పోలీసుకు పేరు, హోదా కనిపించే బ్యాడ్జి ఉండాలి. సాక్షి సంతకంతో అరెస్టు మెమో రాయాలి. బంధువుకో స్నేహితుడికో కబురు చేయాలి.

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు 2010 నవంబరు 1 నుంచి అమలైన సవరణ కీలకమైనది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అవసరమని కారణాలు రాసి చూపాలి. అవసరం లేకుంటే హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. తెలుగు నాట అందరికీ తెలిసిన 41ఏ నోటీసు ఇదే. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు ఈ నియమాన్ని గట్టిపరిచింది. కారణాలు చూడకుండా రిమాండు విధించే మేజిస్ట్రేటుపైనా శాఖాపరమైన చర్య ఉంటుందని హెచ్చరించింది.

ప్రస్తుత స్థితి

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. వర్గీకరణ పట్టిక ఇందులోనూ మొదటి షెడ్యూలే. అరెస్టు అధికారం, హాజరు నోటీసు రెండూ 35వ సెక్షనులో ఉన్నాయి. మూడేళ్లకన్నా తక్కువ శిక్ష పడే నేరంలో నిందితుడు అశక్తుడైనా, అరవై ఏళ్లు దాటినవాడైనా డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు. నేరం ఏ రకమైనా, అరెస్టయిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది రాజ్యాంగం 22వ అధికరణ ఇచ్చిన హక్కు.