అంతర్జాలంలో ఎల్లలు: దృశ్య ప్రసారాలపై ప్రాంతీయ నియంత్రణల చరిత్ర

వ్యాససంగ్రహం:
అంతర్జాలం ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు చూసే అవకాశం వచ్చినప్పటికీ, ఏ దేశ ప్రేక్షకుడు ఏది చూడవచ్చునన్నది ప్రాంతీయ హక్కుల ఒప్పందాలే నిర్ణయిస్తున్నాయి. ఈ నియంత్రణల పుట్టుక, ఆస్ట్రేలియా, ఐరోపా దేశాలలో వాటిపై వచ్చిన ప్రతిఘటన, దాని ఫలితాలు ఈ వ్యాసంలో పరిశీలింపబడ్డాయి.

కీలక పదాలు: ప్రాంతీయ హక్కులు, ఐపీ చిరునామా, కాపీరైటు, ఐరోపా సమాఖ్య, ప్రేక్షకుడు.

1. ఉపోద్ఘాతం:
"ఈ కార్యక్రమం మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అన్న వాక్యం నేటి ప్రేక్షకులకు చిరపరిచితం. రుసుము చెల్లించడానికి సిద్ధంగా ఉన్న వ్యక్తికి సైతం వస్తువును నిరాకరించడం ఈ వ్యాపారంలోని విచిత్రం. ఇది సాంకేతిక లోపం కాదు, బుద్ధిపూర్వకంగా చేసిన ఏర్పాటు. దాని మూలాలు అంతర్జాలం కంటే పాతవి.

2. ప్రాంతాల వారీ విక్రయం:
కాపీరైటు చట్టం ఏ దేశానికి ఆ దేశంలోనే వర్తిస్తుంది. 1886 నాటి బెర్న్ ఒప్పందం విదేశీ రచయితలకు రక్షణ కల్పించింది గాని ప్రపంచమంతటికీ ఒకే హక్కును సృష్టించలేదు. కనుక ఒకే కృతిపై హక్కులను దేశాల వారీగా వేర్వేరు సంస్థలకు విక్రయించడం సాధ్యమయింది. తెలుగు సినిమా వ్యాపారంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. నైజాం, సీడెడ్, ఓవర్సీస్ అంటూ ఏరియాల వారీగా పంపిణీ హక్కులు అమ్ముడవుతాయి. నిజాం రాజ్యం 1948లో అంతరించింది. 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తమైన మండలాలకు ఇప్పుడు ఆ పరిపాలనా రూపం లేదు. అయినా పంపిణీదారుల లెక్కలలో ఆ పేర్లు నిలిచే ఉన్నాయి. రాజకీయ సరిహద్దు చెరిగిపోయినా వ్యాపార సరిహద్దు నిలవగలదనడానికి ఇది నిదర్శనం.

3. డీవీడీ నుండి ఐపీ చిరునామా వరకు:
1990ల చివర డీవీడీలు వచ్చినప్పుడు ప్రపంచాన్ని ఆరు ప్రధాన ప్రాంతాలుగా విభజించారు. అమెరికా, కెనడాలు ఒకటవ ప్రాంతం, పశ్చిమ ఐరోపా, జపాన్ రెండవది, ఆస్ట్రేలియా నాలుగవది, భారతదేశం ఐదవది. ఒక ప్రాంతపు డిస్కు మరొక ప్రాంతపు యంత్రంలో ఆడకుండా సంకేతాలు అమర్చారు.

అంతర్జాల ప్రసారాలలో ఈ పనిని ఐపీ చిరునామా చేపట్టింది. ప్రేక్షకుడి చిరునామా ఏ దేశానిదో గుర్తించి, అక్కడ హక్కులు లేని కార్యక్రమాన్ని ఆపివేస్తారు. బ్రిటన్‌లో 2007 డిసెంబరులో ప్రారంభమైన బీబీసీ ఐప్లేయర్, అమెరికాలో 2008 మార్చిలో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన హులు తమ దేశపు ప్రేక్షకులకే పరిమితమయ్యాయి. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరి 6న భారత్ సహా మరో 130 దేశాలలో సేవలు ప్రారంభించింది. అయితే అన్ని దేశాలలోనూ ఒకే జాబితా లభించలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే, ప్రాక్సీల ద్వారా ఇతర దేశాల జాబితాలను చూసేవారిని నిరోధిస్తామని ఆ సంస్థ ప్రకటించింది.

4. ఆస్ట్రేలియా అనుభవం:
'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ధారావాహిక ఈ వివాదానికి ప్రతీకగా మారింది. ఆస్ట్రేలియాలో దాని హక్కులు చందా టెలివిజన్ సంస్థ ఫాక్స్‌టెల్‌వి. దొంగచాటు డౌన్‌లోడ్లు విస్తరించడంతో 2013లో అమెరికా రాయబారి సైతం ఆస్ట్రేలియా ప్రేక్షకులను బహిరంగంగా మందలించారు. అదే ఏడాది జూలైలో, డిజిటల్ వస్తువులకు ఆస్ట్రేలియన్లు చెల్లిస్తున్న అధిక ధరలపై ఆ దేశ పార్లమెంటరీ సంఘం నివేదిక సమర్పించింది. మార్కెట్లను దేశాల వారీగా విడదీసే సాంకేతిక అడ్డంకులను దాటే హక్కు వినియోగదారులకు స్పష్టంగా ఉండాలని సిఫారసు చేసింది. 2016లో ఉత్పాదకతా కమిషన్ కూడా ఇదే దిశలో సూచించింది. నీతికి సంబంధించిన నేరంగా చూస్తున్న దానిలో మార్కెట్ వైఫల్యం కూడా ఉందని ఈ నివేదికలు గుర్తించాయి.

5. ఐరోపా పరిణామాలు:
పోర్ట్స్‌మత్ నగరంలో పబ్ నడిపే కరెన్ మర్ఫీ, గ్రీకు డీకోడర్ కార్డుతో ఇంగ్లీషు ఫుట్‌బాల్ ప్రసారాలు చూపించి శిక్షకు గురయ్యారు. విదేశీ కార్డుల వాడకాన్ని నిషేధించడం సేవల స్వేచ్ఛకు విరుద్ధమని 2011 అక్టోబరు 4న ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయితే ప్రసారంలోని చిత్రాలు, సంగీతం వంటి కాపీరైటు అంశాలను పబ్‌లో ప్రదర్శించడానికి అనుమతి అవసరమని కూడా పేర్కొన్నది.

2018 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, సమాఖ్యలో తాత్కాలికంగా ప్రయాణించే చందాదారుడు తన స్వదేశపు జాబితాను వెంట తీసుకువెళ్లగలడు. అదే ఏడాది డిసెంబరు 3న అమలైన మరో నిబంధన అంతర్జాల వ్యాపారంలో అన్యాయమైన భౌగోళిక నిరోధాన్ని నిషేధించినా, దృశ్య శ్రవణ సేవలను మినహాయించింది. అంటే యాత్రికునికి ఊరట లభించింది. పొరుగు దేశపు కార్యక్రమాన్ని తన ఇంటి నుండి కొనదలచిన వ్యక్తి స్థితి మారలేదు. ఐరోపా సమాఖ్య నుండి వైదొలగిన బ్రిటన్ ప్రేక్షకులు 2021 జనవరి నుండి ఆ ఊరటను కూడా కోల్పోయారు.

6. నిర్మాతల వాదన:
ఈ మినహాయింపు వెనుక బలమైన వాదన ఉంది. ఐరోపాలో అనేక చిత్రాలకు నిర్మాణానికి ముందే దేశాల వారీగా హక్కులు అమ్మి పెట్టుబడి సమకూర్చుకుంటారు. ఎక్కడైనా చూడగలిగినప్పుడు ఒక దేశపు హక్కుకు విలువ తగ్గుతుంది. చిన్న భాషల నిర్మాతలు దీనివల్ల నష్టపోతారన్న ఆందోళన నిరాధారం కాదు. ఓవర్సీస్ హక్కుల ఆదాయం తెలిసిన తెలుగు నిర్మాతలకు ఈ వాదన సుబోధకమే. అయితే తమ దేశంలో ఎవరూ హక్కులు కొనని కార్యక్రమం విషయంలో ఈ వాదనకు బలం తక్కువ. అక్కడ నిషేధం ఏ పంపిణీదారునీ రక్షించడం లేదు.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. మొదటిది, ప్రాంతీయ నియంత్రణ అంతర్జాలం సృష్టించినది కాదు, పాత పంపిణీ పద్ధతికి అది కొనసాగింపు. రెండవది, న్యాయస్థానాలు, శాసనాలు కల్పించిన ఊరట పాక్షికం. మూడవది, సమస్యకు మూలం హక్కుల విభజన కంటే హక్కులు నిరుపయోగంగా ఉండిపోవడంలో ఎక్కువగా ఉంది. కనుక కొనుగోలుదారు లేని ప్రాంతాలలో నిర్మాతే ప్రేక్షకునికి నేరుగా విక్రయించే ఏర్పాటు, నిర్మాత ఆదాయాన్ని దెబ్బతీయకుండానే ప్రేక్షకుని అసంతృప్తిని కొంతమేరకు తీర్చగలదు.