వెలి, బాయ్‌కాట్, బహిష్కరణ

ఆంగ్లంలో ‘బియాండ్ ద పేల్’ అనే నుడికారమున్నది. పేల్ అంటే కంచెకు పాతే కర్ర. కంచె దాటినది, అనగా మర్యాదకు అవతలిదని తాత్పర్యం. మన ‘వెలి’కి కూడా వెలుపల అనే అర్థం. పోలిక ఇంతవరకే. ఆంగ్లనుడి నేడు ఎక్కువగా చేష్టను తప్పుపడుతుంది. వెలి మనిషి మీద పడుతుంది, ఒక్కోసారి వాడ మీద, తరతరాల మీద పడుతుంది. ఊరికి ఆవల ఉంచినదే వెలివాడ.

దీనికి దగ్గరిదే బాయ్‌కాట్. 1880లో ఐర్లండులోని మేయో ప్రాంతంలో చార్లెస్ బాయ్‌కాట్ అనే భూస్వామి ఏజెంటుకు కౌలురైతులు, పనివారు, దుకాణదారులు సహాయనిరాకరణ చేశారు. పంట కోయడానికి వచ్చిన యాభైమంది కూలీలకు దాదాపు వెయ్యిమంది సైనికులు, పోలీసులు కాపలా కాయవలసి వచ్చింది. ఆయన పేరే క్రియాపదమైంది.

మరుసటి సంవత్సరం, 1881 డిసెంబరు 11న, రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. వంటవారు, నీళ్ళు తెచ్చేవారు తప్పుకోగా, రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరి నీళ్ళు మోసి వంట చేశారు.

ఈ రెంటినీ మనం ‘బహిష్కరణ’ అనే ఒక్క మాటతో చెబుతున్నాము. ముషీరాబాదు నుంచి విద్యానగరు మీదుగా ఉస్మానియా ఆవరణ దాటి తార్నాక వెళ్ళేటప్పుడు గోడల మీద ‘తరగతుల బహిష్కరణ’ అని ఎన్నోసార్లు చదివాను. అది బలహీనుడు బలవంతుడికి చేసే నిరాకరణ. 1991లో చుండూరు దళితులపై అమలైనదీ ‘సాంఘిక బహిష్కరణే’. అక్కడ కూలిపని ఇవ్వకుండా చేసినవారు బలవంతులు. ఆ ఆగస్టు 6న ఊచకోత జరిగింది. ఒకే మాట, ఎదురెదురు దిక్కులు!

2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో వసతిగృహాల నుంచి పంపివేయబడిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆవరణలోనే గుడారం వేసుకొని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. ‘బహిష్కరణ’ అనలేదు. సంస్కృతపదం దాచిపెట్టిన దిక్కును తెలుగుమాట తిరిగి చూపింది. వారిలో ఒకరైన రోహిత్ వేముల జనవరి 17న మరణించాడు. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను అట్రాసిటీల చట్టంలో నేరంగా చేర్చిన 2015 నాటి సవరణ, సరిగ్గా తొమ్మిది రోజుల తరువాత, జనవరి 26న అమలులోకి వచ్చింది.

కనుక అనువాదం చేసే మిత్రులకు ఒక మనవి. బాయ్‌కాట్ అన్న మాట ఎదురైనప్పుడు, ఎవరు ఎవరికి తలుపు మూస్తున్నారో ముందు చూడండి. పైవాడు కిందివాడికి మూస్తే అది వెలి. దాన్ని ఆ పేరుతోనే పిలవడం న్యాయం.