తాబేలుకు దారి చెప్పిన పిల్లలు

1967లో కంప్యూటర్ అంటే గది నిండా బీరువాల్లాంటి పెట్టెలు. ఖరీదు లక్షల డాలర్లు. సైన్యం, పెద్ద కంపెనీలు, విశ్వవిద్యాలయాలు తప్ప బయట దాన్ని ముట్టుకునేవాళ్లు అరుదు. అలాంటి రోజుల్లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో కొందరు శాస్త్రవేత్తలకు ఒక ఆలోచన వచ్చింది. ఈ యంత్రాన్ని పదేళ్ల పిల్లల చేతిలో పెడితే ఏమవుతుంది? అది పిల్లలకు పాఠం చెప్పక్కర్లేదు, పిల్లలే దానికి పని చెప్పాలి!

ఇవాళ మన ఇళ్లలో ఐదారేళ్ల పిల్లలు ట్యాబ్ మీద రంగు రంగుల బ్లాకులు జరిపి బొమ్మను గెంతిస్తున్నారంటే దానికి పునాది పడింది అప్పుడే. ఇంట్లో పిల్లలకు కోడింగ్ నేర్పాలనుకునే అమ్మానాన్నలు ఈ కథ తప్పకుండా తెలుసుకోవాలి. ఏది అసలు విషయమో, ఏది పైపై హడావిడో ఇందులోనే తేలిపోతుంది.

గేర్లంటే ప్రాణం

సీమోర్ పాపర్ట్ 1928లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టారు. రెండేళ్లు నిండకముందే ఆయనకు కారు విడిభాగాల మీద మోజు. కాస్త పెద్దయ్యాక గేర్లే ఆటవస్తువులయ్యాయి. ఒక చక్రం తిరిగితే రెండోది ఎటు, ఎంత తిరుగుతుందో మనసులోనే తిప్పి చూసుకునేవారు. బడిలో ఎక్కాలు చెప్పినప్పుడు వాటిని గేర్లుగా ఊహించుకున్నారు. రెండు చరరాశుల సమీకరణం మొదటిసారి చూసినప్పుడు కారు డిఫరెన్షియల్ గేరు గుర్తొచ్చింది. దాంతో లెక్కలంటే ప్రేమ పుట్టింది.

పెద్దయ్యాక గణితంలో డాక్టరేట్ చేసి, 1958లో జెనీవా వెళ్లి పిల్లల మనస్తత్వం మీద పరిశోధిస్తున్న జీన్ పియాజే దగ్గర చేరారు. పిల్లలు చుట్టూ ఉన్న వస్తువులతో కుస్తీ పడుతూ తమ జ్ఞానాన్ని తామే కట్టుకుంటారన్నది పియాజే సిద్ధాంతం. పాపర్ట్ ఇంకో అడుగు ముందుకు వేశారు. తనకు గేర్లు దొరికాయి సరే, గేర్లు నచ్చని పిల్లల సంగతేమిటి? ఏ పిల్లకు నచ్చిన రూపం ఆ పిల్లకు ఇవ్వగల వస్తువు ఏదైనా ఉందా? 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి వచ్చాక ఆయనకు జవాబు దొరికింది. ఆ వస్తువు కంప్యూటర్.

ముందు మాటలు, తర్వాత తాబేలు

బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ అనే సంస్థలో వాలీ ఫ్యూర్జైగ్, సింథియా సోలమన్, డేనియల్ బాబ్రోలతో కలిసి పాపర్ట్ 1967లో పిల్లల కోసం ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. అదే లోగో. దానికి మొదట్లో తాబేలూ లేదు, బొమ్మలూ లేవు. పిల్లలు టెలిటైప్ యంత్రం మీద టైపు చేసి మాటలతో, వాక్యాలతో ఆడుకునేవారు.

ఆ ఆటలోనూ అద్భుతాలు జరిగాయి. ఒక ఏడో తరగతి అమ్మాయి కంప్యూటర్ చేత కవిత్వం రాయించాలనుకుంది. మాటలన్నీ ఒకే కుప్పగా పోసి ఏరుకోమంటే వాక్యం కుదరలేదు. నామవాచకాలు ఒక జాబితాలో, క్రియలు ఇంకో జాబితాలో పెట్టాక కుదిరింది. వ్యాకరణం ఎందుకు చదవాలో అంతవరకూ ఆ అమ్మాయికి ఎవరూ నచ్చచెప్పలేకపోయారు. తన ప్రోగ్రాం నడవడానికి అది కావలసి వచ్చేసరికి ఇట్టే అర్థమైంది.

1968–69 విద్యా సంవత్సరంలో లెక్సింగ్టన్ పట్టణంలోని మజ్జీ జూనియర్ హైస్కూల్లో ఏడో తరగతి వాళ్లకు గణితం బదులు లోగో చెప్పారు. ఆ క్లాసుకు వెళ్లే దారిలో ఒక డ్రాయింగ్ గది ఉండేది. అక్కడ పిల్లలు సబ్బు బిళ్లలు చెక్కి బొమ్మలు చేస్తుండేవారు. వారాల తరబడి అదే పని. ఆలోచించుకోవడానికి, పక్కవాడిది చూడటానికి, నచ్చకపోతే మార్చడానికి వాళ్లకు కావలసినంత సమయం. పాపర్ట్ గుమ్మం దగ్గర ఆగి చూసి, లెక్కల క్లాసు ఇలా ఎందుకు ఉండకూడదని మథనపడ్డారు. చెక్కడానికి సబ్బులాగా, ఆలోచించడానికి పిల్లల చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

ఆ వెతుకులాటలోంచి వచ్చిందే తాబేలు. 1940ల చివర్లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త వెలుతురును వెతుక్కుంటూ తిరిగే చిన్న రోబోలు చేసి వాటిని తాబేళ్లన్నారు. లోగో బృందం ఆ పేరునే తీసుకుంది. గుండ్రటి డొప్ప, కింద చక్రాలు, మధ్యలో పెన్ను. నేల మీద కాగితం పరిచి ‘ఫార్వర్డ్ 100’ అంటే ముందుకు నడుస్తూ గీత గీస్తుంది. ‘రైట్ 90’ అంటే ఉన్నచోటే కుడికి తిరుగుతుంది. ఈ రెండు ఆజ్ఞలూ నాలుగుసార్లు ఇస్తే చతురస్రం తయారు.

త్రిభుజం చేసే అల్లరి

అసలు మజా త్రిభుజం దగ్గర మొదలవుతుంది. సమబాహు త్రిభుజంలో ఒక్కో కోణం 60 డిగ్రీలని పిల్లలకు పుస్తకంలో నేర్పుతారు. కాబట్టి 100 అడుగులు నడువు, 60 డిగ్రీలు తిరుగు అని మూడుసార్లు చెబుతారు. తాబేలు చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. గీతలు మూడూ పడతాయి గానీ మొదలూ చివరా కలవవు. కాగితం మీద సగం షడ్భుజం మిగులుతుంది.

ఇక్కడ పెద్దవాళ్లకు నోరు అదుపులో పెట్టుకోవడం చాలా కష్టం. జవాబు చెప్పేయాలని నాలుక దురద పెడుతుంది. పాపర్ట్ మాత్రం పిల్లలను లేచి నిలబడమనేవారు. నువ్వే తాబేలువి, నడిచి చూడు అనేవారు. నడిచిన పిల్లకు మూల దగ్గర తాను తిరుగుతున్నది లోపలి కోణం కాదనీ, బయటి కోణమనీ ఒంటికి తెలుస్తుంది. అది 120 డిగ్రీలు. చుట్టంతా నడిచి మళ్లీ మొదటి దిక్కుకు తిరిగి నిలబడితే మొత్తం తిరిగింది 360. మూడుతో భాగిస్తే 120, నాలుగుతో 90, ఆరుతో 60. ఒక్కో డిగ్రీ తిరుగుతూ 360 చిన్న అడుగులు వేస్తే వృత్తం. ఒక్క తప్పు పట్టుకుంటే ఇంత జ్యామితి దొరికింది. తప్పు సిగ్గుపడాల్సింది కాదు, వెతికి సరిచేయాల్సింది అన్నదే పాపర్ట్ పిల్లలకు ఇచ్చిన గొప్ప ధైర్యం. 1980లో వచ్చిన ఆయన పుస్తకం ‘మైండ్‌స్టార్మ్స్’ నిండా ఈ నమ్మకమే ఉంటుంది.

అక్షరాలు రాని వాళ్ల కోసం

మరి చదవడం, టైపు చేయడం రాని పసివాళ్ల మాటేమిటి? 1970ల మధ్యలో ఎంఐటీ లోగో ల్యాబులో రేడియా పెర్ల్‌మన్ అనే యువ పరిశోధకురాలు ఈ పని చేపట్టారు. ముందు ఒక మీటల పెట్టె చేశారు. ఒక మీట నొక్కితే తాబేలు ముందుకు, ఇంకోటి నొక్కితే పక్కకు. తర్వాత ‘స్లాట్ మెషీన్’ వచ్చింది. బొమ్మలు గీసిన ప్లాస్టిక్ కార్డులను వరసగా గాడుల్లో గుచ్చి మీట నొక్కితే తాబేలు ఒక్కో కార్డు ప్రకారం నడుస్తుంది. ఏ కార్డు వంతు వస్తే దాని కింద దీపం వెలుగుతుంది. బడి ఈడు కూడా రాని పిల్లలు దాంతో ఆడుకున్నారు. ఈ పెర్ల్‌మనే తర్వాత 1985లో కంప్యూటర్ నెట్‌వర్కులకు ప్రాణాధారమైన స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ కనిపెట్టారు.

1980ల్లో చిన్న కంప్యూటర్లు రావడంతో తాబేలు ఇళ్లలోని తెరల మీదికీ వచ్చింది. మన ఇంగ్లిష్ మీడియం స్కూళ్ల కంప్యూటర్ పుస్తకాల్లోకీ వచ్చింది. కానీ చాలాచోట్ల ఆజ్ఞల పేర్లు బట్టీపట్టి పరీక్ష రాయడంతోనే సరిపెట్టారు. తాబేలు వచ్చింది, త్రిభుజం దగ్గర పిల్లలకు దక్కాల్సిన ఆ అనుభవం రాలేదు. ఇది నిజంగా బాధాకరం.

బ్లాకుల కాలం

1982లో ఒక కంప్యూటర్ ప్రదర్శనలో పాపర్ట్ ప్రసంగం విని మిచెల్ రెస్నిక్ అనే సైన్స్ విలేఖరి జీవితం మలుపు తిరిగింది. ఎంఐటీలో చేరి పాపర్ట్ దారి పట్టారు. బోస్టన్‌లో 1993లో మొదలైన కంప్యూటర్ క్లబ్‌హౌస్‌లో పేద పిల్లలతో పనిచేస్తూ ఆయన ఒకటి గమనించారు. పిల్లలకు సొంత ఆటలు, కదిలే కథలు చేయాలని ఉంది. కానీ ఒక్క కామా తప్పినా మొరాయించే భాషలతో వాళ్లు నెగ్గలేకపోతున్నారు.

అందుకే ఆయన బృందం 2007లో స్క్రాచ్‌ను విడుదల చేసింది. ఇందులో ఆజ్ఞలు లెగో ముక్కల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి, కుదరనిది అసలు అతుక్కోదు. టైపింగ్ తప్పుల గొడవే ఉండదు. ఇది ఎనిమిదేళ్లు దాటిన పిల్లల కోసం. 2014లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మరీనా బేర్స్, రెస్నిక్, ఇంకా కొందరు కలిసి ఐదు నుంచి ఏడేళ్ల వాళ్లకు స్క్రాచ్ జూనియర్ తెచ్చారు. బ్లాకుల మీద మాటలు లేవు, గుర్తులే. ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోవడమే. పెర్ల్‌మన్ కార్డుల వరస మళ్లీ ట్యాబ్ తెర మీద ప్రాణం పోసుకుంది. రెండూ ఉచితమే.

మన ఇంట్లో

2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచి కోడింగ్ ఉండాలని చెప్పింది. అంతకన్నా చిన్నపిల్లలకు ఇల్లే మొదటి బడి కావచ్చు, దానికి వేల రూపాయల కోర్సులు అక్కర్లేదు. హాల్లో నేల బండలే గడులు. ఒకరు తాబేలు, ఒకరు దారి చెప్పేవారు. వంటింటి గుమ్మం దాకా వెళ్లడానికి ఎన్ని గడులు, ఎక్కడ మలుపు? ముందు పిల్లలు చెప్పాలి, మనం అక్షరాలా అదే చేయాలి. గోడకు తగిలేలా చెబితే గోడ దగ్గరే ఆగాలి.

చుక్కల ముగ్గు కూడా ఇలాంటి పాఠమే. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమలా కృతివాసన్ 1974లోనే ముగ్గుల అల్లికను కంప్యూటర్ వ్యాకరణంగా విశ్లేషించారు. ఒక మూల వేసిన మెలికే నాలుగు వైపులా తిరిగి రావడం పిల్లలకు చూపిస్తే, ‘రిపీట్’ అనే ఆజ్ఞ అంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు.

తర్వాత ట్యాబ్ ఇచ్చినా పక్కన కూర్చోవాలి, వేలు మాత్రం పెట్టకూడదు. బొమ్మ అనుకున్నట్టు కదలకపోతే, ‘‘నువ్వేం జరగాలనుకున్నావు కన్నా? ఏం జరిగింది? ఎక్కడ దారి తప్పిందో చూద్దామా?’’ అని అడిగితే చాలు. కోడింగ్ రాని తల్లిదండ్రులు వెనకాడాల్సిన పని లేదు. జవాబు తెలియదు కాబట్టి వాళ్లు తొందరపడి చెప్పేయరు, పిల్లలతో కలిసి వెతుకుతారు. లోగో చేసినవాళ్లు కోరుకున్నదీ అదే. వాళ్లు పిల్లలను చిన్న ఇంజినీర్లుగా తయారుచేయాలనుకోలేదు. తన ఆలోచనను తానే బయట పెట్టి, తప్పితే దిద్దుకుని, మళ్లీ నడిపించగల ధైర్యం ప్రతి బిడ్డకూ రావాలనుకున్నారు. మన ఇంటి కోడింగ్ పాఠం ఆ ధైర్యం ఇస్తోందా లేదా అన్నదే మనం చూసుకోవాల్సిన లెక్క.