సిరలో సూది – సుశ్రుతుని నుండి నేటి వరకు



మన శ్రీరాంపురపు పెద్దలకు బొగ్గుగనుల మర్యాద తెలియనిది గాదు. గనిలో పైకప్పును తట్టి చూడక పనివాడు ముందడుగు వేయడు. మెడసిరలో సూది గ్రుచ్చు వైద్యునకును ఇదియే ధర్మము. మూత్రపిండములు చెడినవారికి డయాలిసిస్ చేయుటకును, తీవ్రమైన మందుల నెక్కించుటకును హృదయసమీపమునందలి పెద్దసిరలోనికి గొట్టమును పంపవలసి వచ్చును. ఆ మాట వినగానే ఇంటివారు బెదరుదురు. ఆ బెదురు నిష్కారణము గాదు. సిర ప్రక్కనే ధమని యున్నది. కొంచెము దిగువను ఊపిరితిత్తి కొన యున్నది.

ఈ భయము ప్రాచీనులకును గలదు. సుశ్రుతసంహితయందు శారీరస్థానమున సిరలు 700 అనియు, వానిలో 98 వేధింపరానివనియు జెప్పబడినది. వడ్లగింజ మొనవంటి వ్రీహిముఖ మను శస్త్రము ఎంతలోతు దిగవలెనో కొలత గలదు. దుష్టవ్యధములు 20 గా లెక్కింపబడినవి: మితిమీరి గ్రుచ్చుట, అడ్డముగా గ్రుచ్చుట, మరల మరల గ్రుచ్చుట మున్నగునవి. అయితే ఆ వ్యధము రక్తమును వెలికి దీయుటకు. నేటిది మందును లోనికి బంపుటకు. ప్రయోజనములు వేరైనను దోషములు మాత్రము అవియే.

1929లో జర్మనీదేశమున ఫోర్స్‌మన్ అను యువవైద్యుడు తన చేతిసిరగుండ సన్నని గొట్టమును హృదయమువరకు బంపుకొని, ఎక్స్‌రే తీయించుకొనెను. 1956లో నోబెల్ బహుమానము నందుకొన్న మువ్వురిలో ఆయన యొకడు. 1952లో ఫ్రెంచివైద్యుడు ఒబానియాక్ మెడయెముక క్రిందిసిరను చేరు మార్గమును ప్రకటించెను.

కాని గొట్టము సూదిలోనుండియే పోవలెనన్నచో సూది గొట్టముకంటె లావుగా నుండవలెను. రంధ్రము పెద్దది, గురి తప్పెనా, గాయమును పెద్దదే. ఈ చిక్కును 1953లో స్వీడనుదేశపు సెల్డింగర్ విడదీసెను. సన్నని సూదితో గ్రుచ్చి, దానిలోనుండి తీగను బంపి, సూదిని దీసివైచి, తీగపైనుండి గొట్టమును జొప్పించుటయే ఆ యుపాయము. మొదట ధమనుల పరీక్షకై కల్పింపబడిన యీ పద్ధతి పిదప సిరలకును వాడబడెను. మరికొందరు సూదిపై మెత్తని ప్లాస్టిక్ తొడుగు నుంచి, సిర దొరకగానే సూదిని దీసి, తొడుగుగుండ తీగను బంపుదురు. దీనివలన సూదిమొన లోపల కదలి గాయపరచదు. తొడుగుగుండ రక్తపీడనమును గొలిచి, అది సిరయో ధమనియో నిర్ధారించుకొనవచ్చును. అయితే తొడుగు మడతపడిన తీగ సాగదు. సూదినుండియే తీగను బంపువారికి మెట్టు ఒకటి తక్కువ. చేతినిలుకడ మాత్రము ఎక్కువ కావలెను.

ఏ పద్ధతియైనను తీగ కొనను చేతినుండి విడువరాదు. ధమనిలో పడినది సన్నసూదియే యైనచో దానిని దీసి అదిమిపట్టుట సాధారణముగా జాలును. లావుగొట్టమే పోయినచో ప్రాణాపాయము. కావున రంధ్రమును వెడల్పు చేయుటకు ముందే నిర్ధారణ జరుగవలెను.

అల్ట్రాసౌండు యంత్రము సిరను కన్నులకు జూపును. 2002లో బ్రిటనునందలి నైస్ అను సంస్థ మెడసిరకు దీనిని వాడుమని సూచించెను. అయినను సూది నడుమను జూచి మొన యని భ్రమించు ప్రమాదము గలదు.

కావున పెద్దలారా, మీయింట నెవరికైన నీ యవసరము కలిగినచో బెదరి కాదనకుడు. “అయ్యా, యంత్రముతో జూచి గ్రుచ్చెదరా? సిరయే యని యెట్లు నిర్ధారించుకొందురు?” అని వినయముతో నడుగుడు. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు గోపింపడు.