స్టార్లు లెక్కపెట్టి సాఫ్ట్‌వేరు ఎంచుకుంటే...

మా టీములో ఎవరైనా కొత్త లైబ్రరీ వాడదామంటే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: "గిట్‌హబ్‌లో ఎన్ని స్టార్లున్నాయి?" అసలీ అలవాటు ఎక్కణ్ణించి వచ్చిందా అని కాస్త వెనక్కెళ్ళి చూశా.

1991 ఆగస్టు 25న, హెల్సింకీలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ మినిక్స్ వాడేవాళ్ళ యూజ్‌నెట్ గుంపులో ఓ ఉత్తరం పెట్టాడు. ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నాననీ, సరదాకేననీ, అందులో ఏముంటే బాగుంటుందో చెప్పమనీ. లైకుల్లేవు, స్టార్లు లేవు. ఆసక్తి ఉన్నవాళ్ళు దించుకుని, కంపైల్ చేసి, పనిచెయ్యనిచోట పాచ్‌లు పంపారు. అంటే వెతికి పట్టుకున్నవాళ్ళే పరీక్షించారు కూడా.

1997లో ఫ్రెష్‌మీట్ వచ్చింది. ఏ ప్రాజెక్టుకి కొత్త వెర్షన్ వచ్చినా అందులో ఒక ప్రకటన పడేది. అదే ఏడాది మొదలైన స్లాష్‌డాట్‌లో లింకు పడిందంటే పాపం చిన్న సర్వర్లు చేతులెత్తేసేవి :) 2008లో వచ్చిన గిట్‌హబ్ "సోషల్ కోడింగ్" అనే చెప్పుకుంది. "స్టార్" బటన్ 2012లో వచ్చింది. ఫ్రీకోడ్‌గా పేరు మార్చుకున్న ఫ్రెష్‌మీట్ 2014లో ఆగిపోయింది.

నా ఓటు మాత్రం ఫ్రెష్‌మీట్‌కే. అక్కడ కనబడాలంటే కొత్త వెర్షన్ విడుదల చెయ్యాలి, అంటే పని జరుగుతుండాలి. స్టారుకి ఆ బాధ లేదు, వాడకుండానే నొక్కెయ్యొచ్చు. కొనుక్కోవచ్చు కూడా! గిట్‌హబ్‌లో లక్షలకొద్దీ దొంగ స్టార్లున్నాయని 2024లో కార్నెగీ మెలన్ పరిశోధకులు తేల్చారు.

అలాగని కొత్త వెర్షన్ని గుడ్డిగా నమ్మొచ్చా అంటే, అదీ కుదరదు. ఎక్స్‌జెడ్ సంగతే చూడండి. మన లినక్సు సర్వర్లన్నిట్లో ఉండేదే, ఫైళ్ళు కుదించే లైబ్రరీ. ఏళ్ళ తరబడి ఒకే ఒక్కాయన తీరికవేళల్లో, పైసా తీసుకోకుండా చూసుకున్నాడు. సోషల్ మీడియాలో దాని ఊసెత్తినవాళ్ళే తక్కువ. జియా టాన్ అనే పేరుతో ఒకరు చేరి, రెండేళ్ళకు పైగా బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. రిలీజులు తాజావే, చేసిన చెయ్యే దొంగది.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్, పోస్ట్‌గ్రెస్ డెవలపర్. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని తవ్వుకుంటూ వెళ్ళాడు. ఆ ఏడాది మార్చి 29న ఆయన విషయం బయటపెట్టాకే ఎక్స్‌జెడ్ పేరు ప్రపంచమంతా మోగిపోయింది.